ఆ జాకెట్ ఎవరిది? టీనేజ్ సినిమాల్లో బట్టలు చేసే పని

పెద్దవాళ్ల సినిమాలో బట్టలకు పని సులువు. ఖాకీ కనిపిస్తే పోలీసు, నల్లకోటు కనిపిస్తే లాయరు. మనిషి నోరు విప్పకముందే ఉద్యోగం, సంపాదన, హోదా అన్నీ తెలిసిపోతాయి. పదహారేళ్ల పిల్లాడి దగ్గర ఈ లెక్క పారదు. వాడికి ఉద్యోగం లేదు, సొంత సంపాదన లేదు. చొక్కా అమ్మ కొన్నది. ప్యాంటు అన్నయ్యకు బిగుతైపోయి వీడికి దిగింది. బూట్ల రంగు స్కూలు చెప్పింది. పూర్తిగా తన ఇష్టంతో ఎంచుకున్నదేమిటా అని వెతికితే చేతికి కట్టుకున్న దారమో, పాపిట తీసే తీరో దొరుకుతుంది, అంతే.

అందుకే టీనేజ్ సినిమాకు పనిచేసే కాస్ట్యూమ్ డిజైనర్ ముందు తేల్చుకోవాల్సింది, ఈ పిల్లాడి ఒంటి మీద ఉన్నది ఎవరిది అని. ఎవరు కొన్నారు, ఎవరి కోసం వేసుకున్నాడు, ఎవరు చూస్తే దాచుకుంటాడు? ఇవేవీ ఆలోచించకుండా చదువుకునే పిల్లకు కళ్లద్దాలు, డబ్బున్న పిల్లకు గులాబీ రంగు, అల్లరివాడికి నల్ల జాకెట్ తగిలించేస్తే అది సీసా మీద అతికించిన లేబుల్ లాంటిది. లోపల ఏముందో చెబుతుంది కానీ కథను ఒక్క అడుగు కూడా ముందుకు జరపదు. మంచి టీనేజ్ సినిమాలు గమనిస్తే, బట్టలు నోరు విప్పేది ఎక్కువగా చేతులు మారేటప్పుడు. ఒకరిది ఇంకొకరు వేసుకున్నప్పుడు, ఇస్తానంటే వద్దన్నప్పుడు, చిరిగినప్పుడు, ఎక్కడో తగులుకున్నప్పుడు.

ఈ విషయంలో ఇప్పటికీ పాఠం చెప్పగల సినిమా 1955 నాటి ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’. దర్శకుడు నికొలస్ రే, కాస్ట్యూమ్స్ మాస్ మాబ్రీ. హీరో జేమ్స్ డీన్ ఆ ఏడాది సెప్టెంబర్ 30న కారు ప్రమాదంలో చనిపోయాడు. నెల తిరక్కముందే సినిమా విడుదలైంది. తెల్ల టీషర్టు, జీన్స్, ఎర్ర జాకెట్‌లో అతని బొమ్మ అప్పటినుంచి పోస్టర్ల మీద తిరుగుతూనే ఉంది. ఆ పోస్టరు మాత్రమే చూసినవాళ్లు సినిమా అంతా అతను ఆ జాకెట్‌లోనే ఉంటాడనుకుంటారు. ఉండడు. కథ చాలా దూరం నడిచాక గానీ ఆ జాకెట్ బయటికి రాదు.

లాస్ ఏంజెలస్‌లో ఒక రాత్రి మొదలై మర్నాటి రాత్రి గడిచి తెల్లారేసరికి ముగిసిపోయే కథ ఇది. టైటిల్స్ పడుతుంటే జిమ్ స్టార్క్ అనే కుర్రాడు తాగి రోడ్డు మీద పడి ఉంటాడు. పక్కన ఎవరో పారేసుకున్న కోతి బొమ్మ. దానికి చలేస్తుందేమో అన్నట్టు ఒక కాగితం తీసి కప్పి, తనూ పక్కనే పడుకుంటాడు. సూటు, టై, బుద్ధిగా ఉండే మధ్యతరగతి ఇంటి కుర్రాడి వేషం. అమ్మానాన్నలు ఎలా చూడాలనుకుంటారో అలాగే ఉన్నాడు, మట్టిలో పడి ఉండటం ఒక్కటే తేడా.

పోలీస్ స్టేషన్లో మరో ఇద్దరు పిల్లలు. జూడీ ఎర్ర కోటులో, ఎర్ర లిప్‌స్టిక్‌తో కూర్చుని ఏడుస్తుంటుంది. నాన్న ఆ లిప్‌స్టిక్ చూసి మొహం పట్టుకుని రుద్దిపారేశాడట. ఆ కోటు ఆమె ఒంటి మీద ఎందుకుందో ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది. రుద్దేస్తే పోని రంగు వేసుకుని వచ్చింది. ఇంకో మూల ప్లేటో అనే చిన్నవాడు చలికి వణుకుతూ ఉంటాడు. తండ్రి ఎక్కడో ఉంటాడు, ఖర్చులకు చెక్కులు పంపుతాడు. ఇంట్లో పనిమనిషే దిక్కు. జిమ్ తన కోటు విప్పి ఇవ్వబోతాడు. ప్లేటో వద్దంటాడు. సినిమా మొదలై పది నిమిషాలు కూడా కాలేదు. కప్పుకోవడానికి ఏదో ఒకటి కావాల్సిన పిల్లలు ముగ్గురు, ఇస్తానన్న చెయ్యి ఒకటి, పుచ్చుకోలేని బిడియం ఒకటి. ఇదంతా బట్టలతోనే జరిగిపోయింది.

మర్నాడు కొత్త స్కూల్లో మొదటిరోజు. జిమ్ గోధుమరంగు కోటు, తెల్ల చొక్కా వేసుకుని వెళ్తాడు. అక్కడి గ్యాంగు పిల్లలవి తోలు జాకెట్లు. ఊరు కొత్త, మనుషులు కొత్త, దానికి తోడు డ్రెస్ కూడా వాళ్లకు తగ్గట్టు లేదు. గ్రిఫిత్ అబ్జర్వేటరీ దగ్గర కత్తుల గొడవ, తెల్ల చొక్కా మీద రక్తం. ఆ రాత్రికి కొండ అంచు వరకూ కార్లు పోనిచ్చి ఎవరు ముందు దూకితే వాళ్లు పిరికివాళ్లనే పందెం. ఈ టెన్షన్‌తో ఇంటికొచ్చి నాన్నను సలహా అడుగుదామనుకుంటాడు. మెట్ల మీద కింద పడిన ట్రే ఎత్తుతూ నాన్న కనిపిస్తాడు, ఆఫీసు సూటు మీద కుచ్చుల ఏప్రాన్ కట్టుకుని. వెనకనుంచి చూసి అమ్మ అనుకుంటాడు జిమ్.

ఈ ఏప్రాన్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇల్లు చూసుకునే మగాడంటే చేతకానివాడు అన్నది 1955 నాటి అమెరికా మధ్యతరగతి భయం. సినిమా ఆ భయాన్ని ప్రశ్నించదు, వాడుకుంటుంది. నలుడూ భీముడూ గరిట తిప్పిన కథలు విని పెరిగినవాళ్లకు ఆ ఏప్రాన్‌లో సిగ్గుపడాల్సిందేమీ కనిపించదు. కనిపించకపోవడమే మంచిది కూడా. కానీ డిజైన్‌గా చూస్తే పని గట్టిది. సూటు తీసేసి ఏప్రాన్ కట్టి ఉంటే అది వంట చేస్తున్న మనిషి మాత్రమే. సూటు మీదే కట్టడం వల్ల రెండు పాత్రల మధ్య ఇరుక్కుని ఏదీ తేల్చుకోలేని మనిషి అయ్యాడు. కొడుకు అడిగినదానికీ అదే తీరు. మంచీ చెడూ కాగితం మీద రాసుకుని ఆలోచిద్దామంటాడు. అవతల పందేనికి టైమ్ అయిపోతోంది.

సరిగ్గా ఆ గదిలో జిమ్ రక్తం మరకల చొక్కా వదిలేస్తాడు. తెల్ల టీషర్టు, జీన్స్, ఎర్ర జాకెట్ తగిలించుకుని పరిగెడతాడు. కోటు, టై, చొక్కా, ఇంట్లోవాళ్ల ముద్ర ఉన్నవన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయి. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. అప్పటిదాకా తెర మీద కొట్టొచ్చినట్టు కనిపించిన ఎరుపు జూడీ కోటుది. ఈ రాత్రి ఆమె ఒంటి మీద ఆ కోటు లేదు. ఆ రంగు జిమ్ దగ్గరికి వచ్చేసింది. ఈ పరంపర ఇంకా అయిపోలేదు.

పందెం దగ్గర జరిగేది, బట్టల లెక్కలో చూస్తే, సినిమాకంతా అతి క్రూరమైన ముక్క. జిమ్‌కూ గ్యాంగు నాయకుడు బజ్‌కూ కొండ అంచున నిలబడి సిగరెట్ పంచుకునేంత స్నేహం అప్పటికే కలిసిపోయింది. ఎందుకు చేస్తున్నాం ఇదంతా అంటే, ఏదో ఒకటి చెయ్యాలిగా అంటాడు బజ్. కార్లు కదులుతాయి. దూకాల్సిన క్షణంలో బజ్ తోలు జాకెట్ చేతికున్న పట్టీ కారు తలుపు హ్యాండిల్‌కు చిక్కుకుంటుంది. లాగుతాడు, రాదు. కారుతో పాటు లోయలోకి పోతాడు. ఆ జాకెట్ గ్యాంగులో వాడి హోదాకు గుర్తు, వాడి చేత ఆ పందెం కట్టించింది ఆ హోదానే, చివరికి వదలకుండా పట్టుకుందీ అదే. ఈ మాటలు సినిమాలో ఎవరూ అనరు. ఒక క్లోజప్‌లో పట్టీ, హ్యాండిల్ కనిపిస్తాయి, అంతే.

అక్కడినుంచి ముగ్గురూ ఒక పాడుబడ్డ బంగళాలో దాక్కుంటారు. ప్లేటో నిద్రపోతాడు. జిమ్, జూడీ వాడి కాళ్లు చూసి నవ్వుకుంటారు. ఒక కాలికి ఎర్ర సాక్సు, ఇంకో కాలికి నీలం సాక్సు. పొద్దున ఏ కంగారులో తొడుక్కున్నాడో, తేడాగా ఉన్నాయని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. తల్లీ తండ్రీ దగ్గర లేని పిల్లాడి జీవితం గురించి పది డైలాగులు రాసినా ఈ జత సాక్సుల ముందు దిగదుడుపే. స్క్రీన్‌ప్లే రచయితలు గోడకు అంటించుకోవాల్సిన షాట్ అది.

తెల్లవారుజామున ప్లేటో తుపాకీతో అబ్జర్వేటరీలో దాక్కుంటాడు. బయట పోలీసులు. జిమ్ లోపలికి వెళ్లి వాడిని శాంతపరచడానికి ఎర్ర జాకెట్ ఇస్తాడు. మొదటి రాత్రి కోటు వద్దన్నవాడు ఈసారి తీసుకుంటాడు, నేనే ఉంచుకోవచ్చా అని అడుగుతాడు కూడా. ఆ మాటల్లోనే జిమ్ తుపాకీలోని గుళ్లు తీసేస్తాడు. ఆ సంగతి పోలీసులకు తెలియదు. లైట్లు చూసి బెదిరి ప్లేటో పరిగెడతాడు, కాల్చేస్తారు. జిమ్ కూర్చుని వాడి జాకెట్ జిప్పు పైకి లాగుతాడు, వీడికెప్పుడూ చలే అంటూ. టైటిల్స్‌లో బొమ్మకు కాగితం కప్పిన చేతులే అవి. ఆ తర్వాత, చొక్కా కూడా లేకుండా టీషర్టుతో నిలబడ్డ జిమ్ భుజాల మీద తండ్రి తన కోటు తీసి కప్పుతాడు.

మొదటి రాత్రి వదిలించుకోవాలనుకున్న కోటు లాంటిదే మళ్లీ ఒంటి మీదికి వచ్చింది. ఇది తండ్రీకొడుకులు కలిసిపోవడమా, పిల్లాడు పెద్దవాళ్లకు లొంగిపోవడమా? సినిమా తేల్చదు. రెండోదే అనిపించే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఎరుపు ప్లేటోతోనే వెళ్లిపోయింది. ఏదైనా ఈ చర్చకు ఆధారం డైలాగులో దొరకదు, కోటులోనే దొరుకుతుంది.

ఈ సినిమా షూటింగ్ మొదలైంది బ్లాక్ అండ్ వైట్‌లో. కొద్దిరోజులకే స్టూడియో కలర్‌కు మార్చింది. ఆ నిర్ణయం జరగకపోతే ఎరుపు చేతులు మారే కథ మొత్తం బూడిదరంగులో కలిసిపోయేది. తెల్ల టీషర్టు సంగతీ చెప్పుకోవాలి. అంతకు కొన్నేళ్ల ముందు వరకూ అది చొక్కా కింద వేసుకునే బనీను, నావికాదళం వాళ్లు నావికులకు ఇచ్చే లోదుస్తు. 1951లో మార్లన్ బ్రాండో తెర మీద అదొక్కటే వేసుకుని కనిపించి సంచలనం చేశాడు. జీన్స్ కూలీలూ పశువుల కాపరులూ వేసుకునే ప్యాంటు. 1950ల్లో కొన్ని అమెరికన్ స్కూళ్లు జీన్స్ వేసుకురావద్దన్నాయి. అంటే అప్పటి టీనేజర్లకు తమదంటూ ఒక బట్ట లేదు. పిల్లల బట్టలున్నాయి, పెద్దల బట్టలున్నాయి. మధ్యలో ఉన్నవాళ్లు పెద్దవాళ్ల లోదుస్తును, పనిబట్టను తీసుకుని తమ యూనిఫాం చేసుకున్నారు.

తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది ఒకప్పుడు లేదు, కనీసం ఆడపిల్లల వరకు. పరికిణీకీ చీరకీ మధ్య ఓణీ ఉంది. ఓణీల ఫంక్షన్ అని బంధువులందరినీ పిలిచి మరీ ఆ వయసును ప్రకటిస్తారు. పిల్ల ఒప్పుకుందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. ‘జయం’ (2002)లో సదా లంగా ఓణీల్లో కనిపించగానే ప్రేక్షకుడికి వయసు, ఊరు, ఇంటి పద్ధతి అన్నీ ఒక్కసారిగా అందాయి. సౌకర్యమే, కానీ చిక్కూ అదే. ఓణీ ఊరంతటికీ తెలిసిన గుర్తు కాబట్టి, దాని చాటున ఆ ఒక్క పిల్ల ఎలాంటిదో చెప్పడానికి ఇంకేదైనా వెతుక్కోవాలి.

రెబెల్‌కు మూడు దశాబ్దాల తర్వాత జాన్ హ్యూస్ తీసిన ‘ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ (1985) కాస్ట్యూమ్ డిజైనర్ మారిలిన్ వాన్స్‌కు వేరే రకం పరీక్ష. 1984 మార్చి 24, శనివారం. శిక్షగా అయిదుగురు పిల్లల్ని స్కూలు లైబ్రరీలో రోజంతా కూర్చోబెడతారు. సినిమా అంతా అదే. ఒక్కొక్కరికి ఒకే జత బట్టలు. పాట రాగానే డ్రెస్ మార్చే వీలు లేదు. మొదటి అయిదు నిమిషాలు చూస్తే ఇది లేబుళ్ల సినిమానే అనిపిస్తుంది. గులాబీ రంగు బ్లౌజులో క్లెయిర్, స్కూలు రెజ్లర్ జాకెట్‌లో ఆండ్రూ, సాదా స్వెట్‌షర్టులో చదువుల పిల్లాడు బ్రయన్, నల్లటి బట్టల్లో మొహం కనపడకుండా ఆలిసన్, పైకోటూ చేతి గ్లవుజులతో బెండర్. సినిమా కావాలనే లేబుళ్లతో మొదలెట్టి, తర్వాత ఒక్కొక్కటే గోటితో గీకుతుంది.

బెండర్ను చూడండి. పైకోటు, దాని కింద జీన్స్ జాకెట్, దాని కింద ఎర్ర గళ్ల చొక్కా, దాని కింద పొడుగు చేతుల బనీను. షికాగో దగ్గర మార్చి నెల చలే అనుకున్నా ఇన్ని పొరలు ఎక్కువే. నోరు మాత్రం ఊరుకోదు. ప్రిన్సిపాల్ వేసుకున్న సూటు చూసి, ఫలానా పాటగాడి బట్టల బీరువా మీరు దోచుకున్న సంగతి ఆయనకు తెలుసా అని అడుగుతాడు. పక్కవాడి బట్టల మీద జోకు వేసేవాడు తన చెయ్యి కూడా గ్లవుజులో దాచుకుని కూర్చున్నాడని అప్పటికి మనం పట్టించుకోం. తర్వాత ఒక చోట గొంతు మారిపోయి చొక్కా చెయ్యి పైకి లాగి చూపిస్తాడు. గ్యారేజీలో పెయింట్ ఒలకబోసినందుకు తండ్రి చుట్టతో పెట్టిన వాత. పొరలు ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

ఇక ఆండ్రూ జాకెట్. అమెరికన్ హైస్కూళ్లలో ఆటల్లో రాణించినవాళ్లకు స్కూలు అక్షరం కుట్టుకునే హక్కు వస్తుంది. ఆ అక్షరం, ఆ పైన గెలిచిన పోటీల బ్యాడ్జీలు కుట్టిన జాకెట్ ఉందంటే కారిడార్లో దారి ఇస్తారు. నచ్చిన అమ్మాయికి ఆ జాకెట్ ఇవ్వడం అక్కడి పాత మురిపెం. కానీ ఆండ్రూకు ఆ జాకెట్ తండ్రి కోరిక, గెలవాలి, గెలుస్తూనే ఉండాలి అని చెవిలో పోరే మనిషి ఎప్పుడూ భుజాల మీద కూర్చుని ఉన్నట్టు. సినిమా చివర ఆలిసన్‌కు అతను జాకెట్ ఇవ్వడు. ఆమే వెళ్తూ వెళ్తూ దాని మీది బ్యాడ్జీ ఒకటి పీకి తీసుకుపోతుంది. ఆమెకు చేతివాటం ఉందని అంతకుముందే చూశాం. కాబట్టి అది దొంగతనం, అభిమానం, కొంచెం భారం దించడం కూడా. పీకించుకుని ఆండ్రూ నవ్వుతాడు. అదే సమయంలో క్లెయిర్ తన వజ్రపు దుద్దు ఒకటి తీసి బెండర్ చేతిలో పెడుతుంది. సోమవారం స్కూల్లో ఎదురుపడితే వీళ్లు పలకరించుకుంటారా లేదా అన్నది పిల్లలే అడిగి జవాబు దొరక్క వదిలేసిన ప్రశ్న. ఒంటి దుద్దు, ఊడిన బ్యాడ్జీ, ఈ రెండూ సాక్ష్యాలుగా మిగిలాయి.

ఇంత తెలివైన సినిమా ఆలిసన్ విషయంలో మాత్రం చేజేతులా చెడగొట్టుకుంది. క్లెయిర్ ఆమె కాటుక తుడిచి, జుట్టు వెనక్కి దువ్వి, తెల్లటి బ్లౌజులో బయటికి తెస్తుంది. ఆండ్రూ నోరు తెరుచుకుని చూస్తాడు. అంటే అంతసేపూ నల్లబట్టల్లో ఉన్న పిల్లతో అతను మాట్లాడిందంతా చాలలేదు, మొహం కడిగాకే మనిషిలా కనిపించిందన్నమాట. టీనేజ్ సినిమాలకు పట్టిన మేకోవర్ జబ్బుకు ఇదొక పాత లక్షణం. ‘షీ ఈజ్ ఆల్ దట్’ (1999) నాటికి అది మరీ ముదిరి, కళ్లద్దాలు తీసి, ఎర్ర గౌను వేయించి మెట్లు దింపితే చాలు, అందరూ గుర్తించని పిల్ల కాస్తా అప్సరస అయిపోయింది. కళ్లద్దాలు, రెండు జడలు తీసేస్తే హీరోయిన్ బయటపడే సన్నివేశం మన సినిమాల్లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టేవాళ్లకే తెలియాలి. కాస్ట్యూమ్ పాత్రను చెప్పాల్సింది పోయి, పాత్రను తుడిచేసే చోటు ఇది.

సెట్లో ఈ పని ఎలా జరుగుతుందో కొంచెం తెలిస్తే, చూసే కన్ను మారుతుంది. స్క్రిప్టు చేతికి రాగానే కాస్ట్యూమ్ వాళ్లు సీన్లను కథలోని రోజుల ప్రకారం విడగొట్టుకుంటారు. మొదటిరోజు పగలు, అదే రోజు రాత్రి, ఇలా. షూటింగ్ కథ వరసలో జరగదు కదా. క్లైమాక్సు ముందే తీసేయొచ్చు. అందుకని ప్రతి షాట్‌కూ ఫొటోలు తీసి పెట్టుకుంటారు. ఎన్ని బొత్తాలు పెట్టుకున్నాడు, చేతులు ఎక్కడిదాకా మడిచాడు, మరక ఏ వైపు ఉంది. దీన్నే కంటిన్యుటీ అంటారు. చిరగాల్సిన, రక్తం పడాల్సిన చొక్కా అయితే ఒకేలాంటివి నాలుగైదు ఉంచుకుంటారు. కొత్త బట్ట కొత్తగా కనిపిస్తే పాత్ర అబద్ధమాడినట్టే, కాబట్టి మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్దుతారు, పదేపదే ఉతుకుతారు. మరీ తెల్లగా ఉన్న చొక్కా లైట్ల కింద మొహం కన్నా ఎక్కువ మెరుస్తుందని టీ డికాక్షన్లో ముంచి ఆరేసే పాత చిట్కా కూడా ఉంది. ఇంత శ్రమ పడేది ఎవరూ గమనించకూడదని. ప్లేటో సాక్సులు రెండు రంగుల్లో ఉండటం కంటిన్యుటీ తప్పు కాదని ప్రేక్షకుడు నమ్మాలంటే, మిగతా కంటిన్యుటీ అంతా తప్పు లేకుండా ఉండాలి.

బట్టల మీద మోజునే కథగా చేసుకున్న సినిమా ‘క్లూలెస్’ (1995). ఎమీ హెకర్లింగ్ దర్శకత్వం, మోనా మే కాస్ట్యూమ్స్. జేన్ ఆస్టిన్ ‘ఎమ్మా’ను బెవర్లీ హిల్స్ హైస్కూలుకు తెచ్చి పెట్టారు. షెర్ అనే ధనవంతుల అమ్మాయి పొద్దున్నే కంప్యూటర్లో తన బట్టల బొమ్మలు జతలు కలిపి చూసుకుని పసుపు గళ్ల కోటు, స్కర్టు ఎంచుకుంటుంది. ఆ డ్రెస్ ఎంత పేరు తెచ్చుకుందో అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేసి, అంతగా తలుచుకోని ఒక సీన్ చూద్దాం. డ్రైవింగ్ టెస్టు రోజు షెర్ ఒక ఫలానా తెల్ల చొక్కా కోసం ఇల్లంతా వెతికిస్తుంది. అది వేసుకుంటే తను సమర్థురాలిలా కనిపిస్తుందని నమ్మకం. టెస్టు ఫెయిలవుతుంది. ఏ డ్రెస్ వేస్తే ఆ పని అయిపోతుందనుకునే పిల్లకు బట్టలు మొదటిసారి మొండిచెయ్యి చూపిన చోటు అది. ఆమె తనను తాను నిలదీసుకోవడం అక్కడినుంచే మొదలు. అంతకుముందు ఒక రాత్రి దొంగ తుపాకీ చూపించి నేల మీద పడుకోమంటే, ఇది ఫలానా డిజైనర్ గౌను, పాడైపోతుంది అని బతిమాలిన పిల్ల, చివరికొచ్చేసరికి విపత్తు బాధితుల విరాళాల కోసం తన స్కీయింగ్ సామాను కూడా పెట్టెలో పడేస్తుంది. బాధితులకు స్కీలు ఎందుకమ్మా అని తండ్రికి అనుమానం రావడం న్యాయమే. కానీ ఇవ్వడం నేర్చుకున్న కొత్తలో ఏమివ్వాలో తెలియకపోవడం కూడా పాత్రే.

‘మీన్ గర్ల్స్’ (2004)లో బట్టలు నేరుగా చట్టం. రెజీనా అనే అమ్మాయి గుంపులో చేరాలంటే బుధవారం గులాబీ రంగు వేసుకోవాలి. ఆమె మీద కక్షతో ఎవరో ఆమె బనీనుకు ఛాతీ దగ్గర రెండు గుండ్రటి చిల్లులు పెడతారు. రెజీనా ఒక్క క్షణం చూసి, దాన్ని అలాగే తొడుక్కుని కారిడార్లో నడిచిపోతుంది. మర్నాటికి మిగతా పిల్లలు కూడా చిల్లులు పెట్టుకుని వస్తారు. అధికారం అంటే ఏమిటో ఇంతకన్నా చిన్నగా చెప్పడం కష్టం. తర్వాత ఒళ్లు వచ్చి, తనకు పట్టేది ఒక్క ట్రాక్ ప్యాంటే అయినప్పుడు, తను పెట్టిన చట్టం ప్రకారమే తన బల్ల దగ్గర తనకే చోటుండదు. అది వేరే చిల్లు.

ఇక్కడొక అడ్డంకి మన సినిమాలకు ఉంది, అమెరికన్ సినిమాలకు అంతగా లేదు. మన స్కూలు పిల్లలు రోజులో ఎక్కువసేపు యూనిఫాంలో ఉంటారు. ఇంటర్‌లో కూడా చాలామంది అంతే. పసుపు గళ్లూ గులాబీ బుధవారాలూ కుదరవు. క్లాసులో అరవైమందీ ఒకే చొక్కా. దీన్ని చాలా సినిమాలు కష్టంగా చూసి, వీలైనంత త్వరగా పిల్లల్ని యూనిఫాం విప్పించి పాటలోకి తోసేస్తాయి. కానీ అందరిదీ ఒకటే అయినప్పుడు చిన్న తేడా పెద్దగా వినిపిస్తుంది. బస్సు మలుపు తిరగ్గానే సడలే టై ముడి. ఇంటి గేటు దాటాక నడుం దగ్గర ఒక మడత పెరిగే స్కర్టు, తిరిగొచ్చేటప్పుడు అదే గేటు దగ్గర దిగే మడత. ఎర్ర రిబ్బన్లు కట్టాల్సిన జడకు ఉతికి ఉతికి వెలిసి గులాబీ రంగుకు తిరిగిన రిబ్బను. జేబు మీది బ్యాడ్జీ కుట్టు మిషను మీద పడిందా, చేత్తో పడిందా అన్నది కూడా ఒక ఇంటి సంగతి చెబుతుంది.

ఎదిగే పిల్లాడు కదా అని మన ఇళ్లలో యూనిఫాం ప్యాంటు ఒక సైజు పెద్దది కుట్టిస్తారు. కాలి దగ్గర నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుడతారు. జూన్‌లో మడమ దాకా ఉన్నది మరుసటి జూన్‌కు చీలమండ పైకి వస్తుంది. అప్పుడు అమ్మ కుట్టు విప్పి మడత దింపుతుంది. ఏడాదిగా లోపల దాక్కున్న గుడ్డ ఎండా సబ్బూ తగలక ముదురు రంగులో ఉంటుంది, పైదంతా వెలిసిపోయి ఉంటుంది. మధ్యలో పాత మడత గీత, ఎంత ఇస్త్రీ చేసినా పోదు. రెండేళ్లు అదే ప్యాంటు అయితే రెండు గీతలు. ప్రార్థన వరసలో నిలబడ్డప్పుడు ఆ గీత కనపడకుండా ఒక కాలు రెండో కాలి వెనక్కి పెట్టుకునే పిల్లాడు ప్రతి స్కూల్లోనూ ఉంటాడు. కెమెరా ఒక్కసారి కిందికి దిగితే చాలు.